ఓడరేవునుండి కాన్సులేటువఱకు: విశాఖ వలసలలో అనుమతిపత్రము

విశాఖపట్టణమువారికి సముద్రము దాటి పోవుట క్రొత్త గాదు. 1933లో నేటి ఓడరేవు తెరువబడుటకు మునుపే ఉత్తరాంధ్ర కూలీలు విశాఖ, భీమునిపట్టణపు తీరములనుండి స్టీమర్లెక్కి రంగూనుకు పోయి, అచ్చటి రేవులలో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో చెమటోడ్చిరి. వారిని కొనిపోయిన మేస్త్రీ ముందుగా కొంత రొక్కమిచ్చి, ఆ బాకీ తీరువఱకు వారి పనిని, కూలిని తన గుప్పిటనే యుంచుకొనెడివాడు. నేడు అదే నగరమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనో గీతం విశ్వవిద్యాలయములోనో ఇంజనీరింగు చదివినవారు హెచ్‌-1బి ఉద్యోగ వీసాపై అమెరికాకు పోవుచున్నారు. నిరక్షరాస్యుడైన కూలీని, పట్టభద్రుడైన సాఫ్ట్‌వేర్ ఇంజనీరును సమానులుగా నెంచుట యుక్తము గాదు. అయినను పోవువాని గతిని నిర్ణయించు బాకీయో కాగితమో అన్యుని చేత నుండుట ఉభయులకును సామాన్యధర్మమని ఈ వ్యాసమున నిరూపింప యత్నించుచున్నాను.

హెచ్‌-1బికి 1990 నాటి అమెరికా వలస చట్టము ఏటికి 65,000 అను హద్దు విధించెను. మాస్టర్స్ అచ్చటనే చదివినవారికి పిదప 20,000 అదనముగా చేర్చబడెను. అర్జీ పెట్టువాడు, స్థానిక వేతనమునకు తగ్గింపనని హామీ యిచ్చువాడు, ఆమోదము పొందువాడు యజమానియే. హద్దు మించిన అర్జీలకు లాటరీ తీయగా, ఉద్యోగికి ‘లాటరీ తగిలినది’ అను వార్త మాత్రము చేరును. కొలువు పోయినచో మఱియొక యజమానిని వెదకికొనుటకు గల గడువు హెచ్చుగా 60 దినములు. షియాంగ్ బియావ్ తన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007) గ్రంథమున వర్ణించిన తెలుగువారి కన్సల్టెన్సీలలో, ప్రాజెక్టు దొరకువఱకు మనుష్యులను ‘బెంచి’పై నుంచు పద్ధతియందు పాత మేస్త్రీ ఛాయ గోచరింపక మానదు.

విశాఖలో అమెరికా కాన్సులేటు లేదు. 2008లో హైదరాబాదున అది వెలయువఱకు ఇచ్చటివారు చెన్నపట్టణము పోవుచుండిరి. అటుపిమ్మట గోదావరి ఎక్స్‌ప్రెస్సులో ఫైలు తలక్రింద బెట్టుకొని రాత్రి గడపి, వీసా స్టాంపింగునకు హైదరాబాదు చేరుట పరిపాటి యయ్యెను. ఆ ఫైలులో డిగ్రీ పట్టా, ఐ-797 ఆమోదపత్రము, ఆఫర్ లెటరు, పే స్లిప్పులుండును. కన్సల్టెన్సీ ఉద్యోగియైనచో ‘క్లయింటు లెటరు’ కూడ నడుగుదురు. అది లేక, వీసా నిలిపివేతను తెలుపు 221(జి) స్లిప్పుతో తిరిగివచ్చువారు కలరు. ఇన్నింటిలో డిగ్రీ పట్టా యొక్కటియే యతడు స్వయముగ నార్జించినది. తక్కినవి పరులు వ్రాసి యిచ్చినవి.

కాలము గడచినకొలది సడలవలసిన, యజమానితోడి యీ ముడి బిగిసినది. ఉద్యోగమూలమున ఏటేట నిచ్చు సుమారు 1,40,000 శాశ్వతనివాసపు గ్రీన్ కార్డులలో సామాన్యముగా ఏ దేశమువారికిని 7 శాతమునకు మించి దక్కవు. ఆమోదితములైన హెచ్‌-1బి అర్జీలలో 70 శాతమునకు పైగా భారతీయులవే యగుటచే వారి వరుస దశాబ్దములు సాగుచున్నది. 2025 సెప్టెంబరులో, విదేశమున నున్నవారికై పెట్టు క్రొత్త అర్జీలకు లక్ష డాలర్ల చెల్లింపు విధింపబడుటతో, బయలుదేరువాడు యజమాని యిష్టముపై మఱింత యాధారపడినాడు.

అయినను ఈ ముడిని కొంత సడలించు యత్నము మునుపే జరిగినది. అమెరికాలో 2000వ సంవత్సరపు వలస సవరణ చట్టము రెండు పనులు చేసెను: వీసాల హద్దును 1,95,000కు పెంచెను; క్రొత్త యజమాని అర్జీ పెట్టినంతనే అతని కొలువున చేరు వీలు కల్పించెను. మొదటిది మూడేండ్లకే గడువు తీరి 2004లో హద్దు మరల 65,000కు దిగెను. రెండవది నేటికిని నిలిచియున్నది. వీసాల సంఖ్యపై జరుగు వాదములలో మఱుగుపడిన యా నిబంధనయే విశాఖ యువకుని మేస్త్రీ గుప్పిటనుండి కొంతయైనను దూరము చేసినది. కావున వలసదారుని స్థితిని కొలుచుటకు కొలువు మారు స్వేచ్ఛయే సరియైన ప్రమాణము.