అట్లెటికో డి కోల్‌కతా తాత్కాలిక తరలింపు (2016)

2017లో భారతదేశం ఆతిథ్యమిచ్చిన ఫిఫా అండర్-17 ప్రపంచకప్ కోసం కోల్‌కతాలోని సాల్ట్ లేక్ స్టేడియాన్ని మరమ్మతులకు అప్పగించారు. దాంతో ఇండియన్ సూపర్ లీగ్ జట్టు అట్లెటికో డి కోల్‌కతా 2016 సీజన్‌లో సొంత మైదానానికి దూరమైంది. ఆ ఏడాది జట్టు నగరం దక్షిణ భాగంలోని చిన్న మైదానం రవీంద్ర సరోబర్ స్టేడియంలో ఆడి లీగ్ విజేతగా నిలిచింది. ఇదే మూసివేత వల్ల నగరంలోని పాత క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా వేరే మైదానాలు చూసుకోవలసి వచ్చింది. ఒక టోర్నమెంటు కోసం భారతదేశంలో ఫుట్‌బాల్ జట్లు ఇల్లు ఖాళీ చేసిన సందర్భాల్లో ఇది ఒకటి.

నేపథ్యం

సాల్ట్ లేక్ స్టేడియం అధికారిక నామం వివేకానంద యువభారతి క్రీడాంగణ్. కోల్‌కతా తూర్పు శివారు బిధాన్‌నగర్‌లో కట్టిన ఈ స్టేడియం 1984 జనవరిలో నెహ్రూ కప్‌తో ప్రారంభమైంది. మూడంతస్తుల కాంక్రీటు గ్యాలరీలున్న ఈ మైదానంలో ఒకప్పుడు లక్షకు పైగా జనం కూర్చునేవారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడినప్పుడు 1,31,781 మంది వచ్చారని లెక్క. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ ఆ మ్యాచ్‌ను 4–1తో గెలిచింది. జర్మనీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్ 2008లో బయర్న్ మ్యూనిక్ తరఫున తన చివరి మ్యాచ్‌లలో ఒకటి ఆడింది ఇక్కడే. 2011 సెప్టెంబరు 2న లియోనెల్ మెస్సీ నాయకత్వంలో అర్జెంటీనా వెనెజువెలాను 1–0తో ఓడించింది కూడా ఇక్కడే.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు కోల్‌కతా ఫ్రాంచైజీని సౌరవ్ గంగూలీ, సంజీవ్ గోయెంకా, హర్షవర్ధన్ నియోటియా, ఉత్సవ్ పారేఖ్‌లు స్పెయిన్ క్లబ్ అట్లెటికో మాడ్రిడ్‌తో కలిసి తీసుకున్నారు. లీగ్ చరిత్రలో తొలి మ్యాచ్ 2014 అక్టోబరు 12న సాల్ట్ లేక్‌లోనే జరిగింది. అందులో కోల్‌కతా ముంబై సిటీని 3–0తో ఓడించింది. లీగ్‌లో మొట్టమొదటి గోల్ కోల్‌కతా ఆటగాడు, ఇథియోపియాకు చెందిన ఫిక్రు టెఫెర్రాది. ఆ ఏడాది ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను 1–0తో ఓడించి కోల్‌కతా మొదటి టైటిల్ అందుకుంది.

ప్రపంచకప్ ఆతిథ్యం

అండర్-17 ప్రపంచకప్ నిర్వహణను ఫిఫా 2013 డిసెంబరు 5న భారత్‌కు అప్పగించింది. ఫిఫా ప్రపంచకప్ స్థాయి పోటీ దేశానికి రావడం అదే మొదలు. ఢిల్లీ, కోల్‌కతా, కొచ్చి, గువాహటి, మడ్గావ్, నవీ ముంబై వేదికలుగా ఖరారయ్యాయి. హైదరాబాద్‌కు గానీ, ఆంధ్రప్రదేశ్‌లోని ఏ నగరానికి గానీ వేదిక దక్కలేదు.

ఇలాంటి పోటీకి స్టేడియం ఇవ్వడమంటే మ్యాచ్ రోజున తాళాలు అప్పగించడం ఒక్కటే కాదు. పచ్చిక, డ్రెస్సింగ్ రూములు, దీపాలు, ప్రసార సదుపాయాలు, అత్యవసర ద్వారాలు, ప్రేక్షకుల సీట్లు అన్నీ ఫిఫా కొలతలకు సరిపోవాలి. పక్కనే ప్రాక్టీసు మైదానాలు సిద్ధంగా ఉండాలి. ఈ పనులకు నెలలు పడతాయి. సాల్ట్ లేక్‌లో అప్పటికి కృత్రిమ పచ్చిక ఉండేది. దాన్ని తీసేసి సహజమైన గడ్డి వేయాలి. కాంక్రీటు మెట్ల మీద బకెట్ సీట్లు బిగించాలి. జనం కిక్కిరిసి కూర్చున్న రోజుల్లోని సామర్థ్యం దీంతో బాగా తగ్గింది. ఇంత పని జరుగుతుండగా ఆటలు సాగించే వీలు లేకపోయింది.

మూసివేతకు ముందు సూపర్ లీగ్‌లో కోల్‌కతా ఇక్కడ ఆడిన చివరి మ్యాచ్ 2015 డిసెంబరు 16న చెన్నైయిన్‌తో జరిగిన సెమీఫైనల్ రెండో అంచె. అందులో 2–1తో గెలిచినా, రెండు అంచెల మొత్తంలో 4–2తో వెనుకబడి కోల్‌కతా నిష్క్రమించింది. మొదటి అంచెను చెన్నైయిన్ తన ఊళ్లో ఆడలేదు. ఆ డిసెంబరు వరదలకు చెన్నై అతలాకుతలం కావడంతో మ్యాచ్‌ను పుణెకు మార్చగా, చెన్నైయిన్ అక్కడ 3–0తో గెలిచింది. ఏడాది తిరగకముందే ఇల్లు వదిలే వంతు కోల్‌కతాకు వచ్చింది.

రవీంద్ర సరోబర్ స్టేడియం

దక్షిణ కోల్‌కతాలో సదరన్ ఎవెన్యూకు ఆనుకుని రవీంద్ర సరోబర్ అనే పెద్ద చెరువు ఉంది. 1920ల్లో కలకత్తా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ దీన్ని తవ్వించింది. ఢాకురియా లేక్ అని పిలిచే ఈ చెరువుకు 1958లో రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు పెట్టారు. సుమారు 192 ఎకరాల ప్రాంగణంలో నీరు 73 ఎకరాలు, మిగతాదాంట్లో ఎక్కువగా చెట్లూ పొదలూ. చలికాలంలో వలస పక్షులు కూడా వస్తాయి. స్టేడియం ఈ ప్రాంగణంలోనే ఉంది. దాని సామర్థ్యం సుమారు 22 వేలు.

సూపర్ లీగ్ మ్యాచ్‌లు సాయంత్రం వేళ టీవీ ప్రసారానికి తగ్గట్టు జరుగుతాయి కనుక ఇక్కడ ఫ్లడ్‌లైట్లు అవసరమయ్యాయి. పర్యావరణవేత్తలు దీన్ని వ్యతిరేకించారు. రాత్రిపూట దీపాల వెలుగు, జనం కేకలు, మైకుల హోరు పక్షులకు ఇబ్బంది అని వారి వాదన. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఫుట్‌బాల్ టోర్నమెంటు ఒక మైదానాన్ని ఖాళీ చేయిస్తే దాని బరువు మరో చోట, ఆటతో సంబంధం లేని చెరువు మీద పడుతుందని ఈ వివాదం చూపింది.

2016 సీజన్

ఆ ఏడాది జట్టుకు కోచ్ స్పెయిన్‌కు చెందిన హోసే ఫ్రాన్సిస్కో మొలీనా. మొదటి రెండు సీజన్లలో ఆ బాధ్యత చూసిన ఆంటోనియో లోపెజ్ హబాస్ అప్పటికే వెళ్లిపోయారు. పోర్చుగల్ స్ట్రైకర్ ఎల్డర్ పోస్టిగా, కెనడా ఆటగాడు ఇయాన్ హ్యూమ్, గోల్‌కీపర్ దేబ్‌జిత్ మజుందార్, డిఫెండర్లు ఎన్రిక్ సెరేనో, ప్రీతమ్ కోటల్ ప్రధాన ఆటగాళ్లు.

రవీంద్ర సరోబర్‌లో తొలి మ్యాచ్ 2016 అక్టోబరు 2న చెన్నైయిన్‌తో జరిగి 2–2తో ముగిసింది. ఆ సీజన్ పోకడకు అదే నమూనా. లీగ్ దశలో ఆడిన 14 మ్యాచ్‌లలో కోల్‌కతా గెలిచినవి 4, ఓడినవి 2, డ్రా చేసుకున్నవి 8. మొత్తం 20 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచి సెమీఫైనల్‌కు వెళ్లింది. పట్టికలో ముందున్నవి ముంబై సిటీ, కేరళ బ్లాస్టర్స్, ఢిల్లీ డైనమోస్.

సెమీఫైనల్ ప్రత్యర్థి ముంబై సిటీ. ఆ జట్టూ ఆ ఏడాదే మైదానం మారింది. అండర్-17 ప్రపంచకప్ వేదికల్లో ఒకటైన నవీ ముంబై డి.వై.పాటిల్ స్టేడియాన్ని వదిలి అంధేరిలోని ముంబై ఫుట్‌బాల్ అరీనాకు వచ్చింది. అలా పాత మైదానాలు వదిలిన రెండు జట్లు ఫైనల్ బెర్తు కోసం తలపడ్డాయి. డిసెంబరు 10న రవీంద్ర సరోబర్‌లో కోల్‌కతా 3–2తో గెలిచింది. అందులో హ్యూమ్‌వి రెండు గోల్స్. డిసెంబరు 13న అంధేరిలో జరిగిన రెండో అంచె గోల్స్ లేకుండా ముగిసింది.

ఫైనల్ డిసెంబరు 18న కొచ్చిలో, అదీ కేరళ బ్లాస్టర్స్ సొంతగడ్డ మీద జరిగింది. 54,146 మంది ప్రేక్షకుల్లో అత్యధికులు పసుపు చొక్కాల కేరళ అభిమానులే. 37వ నిమిషంలో మహమ్మద్ రఫీ కేరళకు గోల్ చేయగా, 44వ నిమిషంలో సెరేనో తలతో కొట్టి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. షూటౌట్‌లో కేరళ ఆటగాడు సెడ్రిక్ హెంగ్‌బార్ట్ కొట్టిన బంతిని దేబ్‌జిత్ ఆపగా, జ్యువెల్ రాజా చివరి పెనాల్టీని గోల్‌గా మార్చాడు. 4–3తో కోల్‌కతాకు రెండో టైటిల్ దక్కింది.

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్

కొత్త ఫ్రాంచైజీకి ఇబ్బంది ఒక్క సీజన్‌తో తీరింది. దేశంలోని మరో లీగ్ అయిన ఐ-లీగ్ ఆడుతున్న పాత క్లబ్బుల మీద మూసివేత బరువు ఇంకా ఎక్కువ పడింది. 2016 జనవరి 23న సాల్ట్ లేక్‌లో ఈ రెండు క్లబ్బుల మధ్య జరిగిన ఐ-లీగ్ మ్యాచ్ (డెర్బీ) 1–1తో ముగిసింది. ఆ తర్వాతి డెర్బీ ఏప్రిల్ 2న ఉత్తర బెంగాల్‌లోని సిలిగురి కాంచన్‌జంగా స్టేడియానికి తరలింది. కోల్‌కతా నుంచి సిలిగురి 550 కిలోమీటర్ల పైమాటే. ఆ మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ 2–1తో గెలిచింది. ఆసియా స్థాయి ఎ.ఎఫ్.సి. కప్‌లో మోహన్ బగాన్ ఆ ఏడాది సొంత మ్యాచ్‌లను గువాహటిలో ఆడింది.

2016–17 ఐ-లీగ్‌లో మోహన్ బగాన్ రవీంద్ర సరోబర్‌కు, ఈస్ట్ బెంగాల్ కోల్‌కతా ఉత్తర శివారు బారాసత్‌కు మారాయి. రెండు డెర్బీలూ సిలిగురిలోనే. 2017 ఫిబ్రవరి 12న గోల్స్ లేని డ్రా, ఏప్రిల్ 9న మోహన్ బగాన్‌కు 2–1 విజయం. లక్ష మందిని రప్పించగల పోటీ ఊరి జనానికి రాత్రి రైలు ప్రయాణమైంది. ఆ సీజన్ టైటిల్‌ను మిజోరం జట్టు ఐజాల్ ఎఫ్.సి. ఒకే ఒక్క పాయింటు తేడాతో మోహన్ బగాన్ నుంచి తన్నుకుపోయింది.

ఈ క్లబ్బులతో తెలుగు నేలకు పాత బంధముంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌లో ఆడి పేరు తెచ్చుకున్నాడు. హైదరాబాద్‌కు చెందిన మహమ్మద్ హబీబ్ కోల్‌కతాలోని రెండు పెద్ద క్లబ్బులకూ ఆడాడు.

టోర్నమెంటు

ప్రపంచకప్ 2017 అక్టోబరు 6 నుంచి 28 వరకు జరిగింది. ఢిల్లీలో ఆడిన భారత జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది. అయితే అక్టోబరు 9న కొలంబియా మీద జీక్సన్ సింగ్ కొట్టిన గోల్ ఫిఫా ప్రపంచకప్ పోటీల్లో భారత్‌కు మొదటిది.

గువాహటిలో జరగవలసిన ఇంగ్లండ్–బ్రెజిల్ సెమీఫైనల్‌ను వానలకు అక్కడి మైదానం పాడవడంతో ఆఖరి క్షణంలో కోల్‌కతాకు తరలించారు. ఏ టోర్నమెంటు కోసం కోల్‌కతా జట్లు ఇల్లు ఖాళీ చేశాయో, ఆ టోర్నమెంటుకే తల దాచుకునే చోటు కావలసి వచ్చింది. అక్టోబరు 25న 63,881 మంది ముందు రియాన్ బ్రూస్టర్ హ్యాట్రిక్‌తో ఇంగ్లండ్ 3–1తో గెలిచింది. అక్టోబరు 28న ఫైనల్‌కు 66,684 మంది వచ్చారు. రెండు గోల్స్ వెనుకబడిన ఇంగ్లండ్ పుంజుకుని స్పెయిన్‌ను 5–2తో ఓడించింది. టోర్నమెంటు మొత్తానికి వచ్చిన ప్రేక్షకులు 13,47,133 మంది. అండర్-17 ప్రపంచకప్‌లలో అది రికార్డు.

తిరిగి రాక

ప్రపంచకప్ కారణంగా సూపర్ లీగ్ నాలుగో సీజన్ 2017 నవంబరు 17న మొదలైంది. ఈలోగా అట్లెటికో మాడ్రిడ్ వాటా వదులుకోవడంతో జట్టు పేరు ఎ.టి.కె.గా మారింది. కొత్త కోచ్‌గా ఇంగ్లండ్ మాజీ ఆటగాడు టెడ్డీ షెరింగమ్ వచ్చాడు. సాల్ట్ లేక్‌లో తొలి మ్యాచ్‌లోనే జట్టు పుణె సిటీ చేతిలో 4–1తో ఓడింది. షెరింగమ్‌ను 2018 జనవరిలో తొలగించారు. పది జట్ల లీగ్‌లో ఎ.టి.కె. తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది. చిన్న మైదానంలో విజేత అయిన జట్టు, తీర్చిదిద్దిన పెద్ద మైదానానికి వచ్చాక దాదాపు అడుగుకు జారింది. ఆటగాళ్లు, కోచ్ మారడం దీనికి ముఖ్య కారణాలు. సొంత మైదానం బలం ఎంతైనా, జట్టు కూర్పు లోటును అది పూడ్చలేదు.

పోల్చదగిన సందర్భాలు

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్.సి. పుణె సిటీ మూతపడ్డాక 2019లో ఏర్పడిన ఈ జట్టుకు అప్పట్లో సొంత మైదానం గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. జట్టును ఇంటికి దూరం చేసింది టోర్నమెంటు కాదు, కోవిడ్. 2020–21, 2021–22 సీజన్లలో లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. 2022 మార్చి 20న మడ్గావ్‌లో హైదరాబాద్ కేరళ బ్లాస్టర్స్‌నే షూటౌట్‌లో 3–1తో ఓడించి టైటిల్ గెలిచింది. ఆ సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2016 కోల్‌కతాలాగే కోచ్ స్పెయిన్ వాడు, ప్రత్యర్థి కేరళ, ఫలితం తేల్చింది పెనాల్టీలు.

టోర్నమెంటే నగరం వదిలిన ఉదంతమూ హైదరాబాద్‌లో ఉంది. 2008 ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్ ఇక్కడ మొదలైనా, వానల వల్ల ఫైనల్‌ను ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. అక్కడ సునీల్ ఛెత్రి హ్యాట్రిక్‌తో భారత్ తజికిస్తాన్‌ను 4–1తో ఓడించి 2011 ఆసియా కప్‌కు అర్హత పొందింది.

విదేశాల్లో, 2026 ప్రపంచకప్ కోసం వాంకూవర్‌లోని బి.సి. ప్లేస్‌ను కేటాయించడంతో కెనడియన్ ఫుట్‌బాల్ ఆడే బి.సి. లయన్స్ జట్టు కొన్ని సొంత మ్యాచ్‌లను కెలోనా పట్టణానికి మార్చుకుంది.

అనంతర చరిత్ర

ఈ తరలింపుల్లో కొన్ని తాత్కాలికం కాలేదు. ముంబై సిటీకి అంధేరియే సొంత మైదానమైంది. హైదరాబాద్ ఎఫ్.సి. తర్వాత 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఎ.టి.కె. 2020 మార్చిలో మూడో టైటిల్ గెలిచాక మోహన్ బగాన్‌లో విలీనమైంది. ఆ జట్టు 2023 నుంచి మోహన్ బగాన్ సూపర్ జెయింట్ పేరుతో సాల్ట్ లేక్‌లోనే ఆడుతోంది. విలీనానికి ముందు గెలిచిన మూడు టైటిళ్ల ఫైనల్స్ నవీ ముంబై, కొచ్చి, మడ్గావ్‌లలో జరిగాయి. ఒక్కటీ సాల్ట్ లేక్‌లో జరగలేదు.