ఉన్నచోటే సాక్ష్యం: రేనాటి నేలపై ‘ఇన్ సిటు’

‘ఇన్ సిటు’ లాటిన్ మాట. ఒక వస్తువు పుట్టినచోటే, లేదా పూర్వులు నిలిపినచోటే, కదలకుండా ఉందని దీని భావం. 18వ శతాబ్దిలో ఇంగ్లీషు రచనల్లోకి వచ్చిన ఈ మాట క్రమంగా భూగర్భశాస్త్రానికి, పురావస్తు పరిశోధనకు, జీవశాస్త్రానికి పరిభాషగా స్థిరపడింది. తెలుగులో దీన్ని ‘స్వస్థానంలో’, ‘యథాస్థానంలో’ అంటారు. ఆ మాటకు అంత విలువ ఎందుకో, ఒకప్పటి రేనాటిలో భాగమైన కడప జిల్లా చరిత్ర చక్కగా తెలియజేస్తుంది.

ఇడుపులపాయకు చేరువలో పాపాఘ్ని నది కొండలను చీల్చుకుని బయటపడే చోటు గండి. అక్కడి కొండచరియల్లో పొరలుగా కనిపించేది స్వస్థానంలో ఉన్న రాయి. ఏటి అడుగున దొర్లే గుండ్లు నీటితో కొట్టుకొచ్చినవి. గుండును చూసి అది ఏ జాతి రాయో చెప్పవచ్చు గాని, ఏ పొర మీద పేరుకుందో, ఏ పొర కింద ఉండేదో చెప్పడం కష్టం. కడప, కర్నూలు శిలలపై విలియం కింగ్ 1872లో ప్రచురించిన గ్రంథానికి ఈ పొరల వరుసే ఆధారం. పాపాఘ్ని, గువ్వలచెరువు, వేంపల్లె పేర్లు భూగర్భశాస్త్రంలోకి ఎక్కింది ఆ పరిశీలనల వల్లే.

వేంపల్లె డోలమైటు రాళ్లలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. లోతులేని నీటి అడుగున సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన దిబ్బలవి. పెరిగినచోటే రాయిగా మారాయి కనుక, ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం ఉండేదని అవి రుజువు చేస్తున్నాయి. వాటి వయసుకూ స్థానమే ఆధారం. పులివెందుల దగ్గర, వేంపల్లె శిలలకు పైనున్న పొరల్లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. చొచ్చుకొచ్చిన శిల కంటే దానికి చోటిచ్చిన పొరలు పాతవి. వాటికి అడుగున ఉన్న వేంపల్లె శిలలు ఇంకా పాతవి.

పనిముట్ల విషయంలోనూ ఇదే సూత్రం. 1863 మే 30న భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మద్రాసు దగ్గరి పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టు దొరికింది. అది కంకర గుంతలోంచి తవ్విపోసిన మట్టిలోనిది కనుక, అసలు ఏ పొరలో ఉండేదో తేలలేదు. అదే ఏడు సెప్టెంబరులో ఫుట్, కింగ్ కలిసి అత్తిరంపాక్కం వాగు గట్టులో, పొరల్లో ఇమిడి ఉన్న పనిముట్లను చూశారు. వాటిని చేసిన మనుషుల ప్రాచీనతకు ఆ పొరలే సాక్ష్యమయ్యాయి.

శాసనాలకు వస్తే రాతికీ రాగికీ తేడా ఉంది. దానం పొందినవారి వెంట రాగిరేకులు ఊరు మారగలవు. రేనాటి చోళుడు పుణ్యకుమారుని రేకులు మాలెపాడులో దొరికినంత మాత్రాన అవి అక్కడే పుట్టాయని చెప్పలేం. బరువైన శిలాశాసనం సాధారణంగా తాను చెప్పే ఊరినీ పొలాన్నీ విడిచిపోదు. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ల శాసనం లిపిని బట్టి 6వ శతాబ్దిదని, పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనాల్లో ఒకటని పండితులు నిర్ణయించారు. కలమళ్ల, ఎర్రగుడిపాడు శిలలు దొరికిన తావులు రేనాటి చోళుల ఏలుబడిని గుర్తించడానికి తోడ్పడ్డాయి.

జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున దానవులపాడులో 20వ శతాబ్ది తొలి ఏళ్లలో జైన ఆలయం బయటపడింది. అక్కడి శిల్పాల్లో, శాసనాల్లో కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి. అక్కడ భద్రత దొరికింది గాని, గుడికీ నదికీ వాటికీ ఉన్న బంధం కంటికి కనిపించదు. ఒక్కోసారి తరలింపు తప్పదు. సాగర్ జలాశయం నిండేలోగా, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండలో భారీ తవ్వకాలు జరిపి, ముఖ్య కట్టడాలను జలాశయం మధ్య ద్వీపంగా మిగిలిన కొండపైనా, అనుపులోనూ తిరిగి నిర్మించారు.

జీవశాస్త్రంలో ఇదే మాట ప్రాణులను వాటి ఆవాసంలోనే కాపాడటాన్ని సూచిస్తుంది. జంతుశాలల్లో, విత్తన నిధుల్లో కాపాడటం ‘ఎక్స్ సిటు’. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం రెండింటికీ వేర్వేరు అధికరణాలు కేటాయించింది. 1900 తర్వాత కనుమరుగై, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. అప్పుడు పట్టుకున్న పక్షి బతకలేదు. దానికి కావలసింది పొదల మధ్య బయళ్లున్న చిట్టడవి. ఆ నేలతో సహా పక్షిని కాపాడటానికే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. వైద్యంలో, పుట్టిన పొర దాటి పాకని తొలిదశ క్యాన్సర్‌నూ ‘ఇన్ సిటు’ అనే అంటారు.

పురావస్తు తవ్వకాల క్రమశిక్షణ కూడా స్థానానికున్న ఈ విలువ మీదే నిలిచింది. వస్తువు దొరికిన లోతు, పొర, దిక్కు, చుట్టూ ఉన్నవి కొలిచి, గీసి, ఫొటో తీశాకే దాన్ని పైకెత్తాలి. ఆ నమోదు సరిగా ఉంటే, వస్తువు ఏ మ్యూజియానికి వెళ్లినా దాని స్థానం చరిత్రకారుడికి అందుబాటులో ఉంటుంది. నమోదు లేకుండా పెకలించిన రాయికి ఆ సమాచారాన్ని తర్వాత ఎవరూ తిరిగి ఇవ్వలేరు.