విజేత దేహం: ప్రాచీన గ్రీకు ప్రపంచంలో మల్లులూ వైద్యులూ

క్రీ.పూ. 564లో ఒలింపియాలో జరిగిన పాంక్రేషన్ తుదిపోరులో ఫిగేలియా నగరవాసి అరికియాన్ ప్రత్యర్థి పట్టులో చిక్కుకున్నాడు. పాంక్రేషన్ అంటే కుస్తీ, ముష్టిఘాతాలు కలిసిన పోరు. కొరకడం, కళ్ళు పొడవడం తప్ప దాదాపు అన్నీ అందులో చెల్లేవి. ప్రత్యర్థి కాళ్ళతో అతన్ని బంధించి, చేతులతో మెడ నులుముతున్నాడు. ఊపిరి ఆగిపోతున్న స్థితిలో అరికియాన్ అతని కాలివేలు విరిచాడు. ఆ నొప్పికి తాళలేక అవతలివాడు ఓటమి ఒప్పుకున్న క్షణంలోనే అరికియాన్ ప్రాణం పోయింది. న్యాయనిర్ణేతలు శవాన్నే విజేతగా ప్రకటించి, ఆలివ్ కొమ్మల కిరీటం పెట్టారు. ఏడు శతాబ్దాల తరవాత గ్రీసు అంతా తిరిగిన పాసేనియస్, ఫిగేలియా అంగడిలో అతని శిలావిగ్రహాన్ని చూసి ఈ వృత్తాంతాన్ని నమోదు చేశాడు.

గ్రీకులకు ఇది విషాదం కాదు, కీర్తి. అయితే ఆ కీర్తిని కొనియాడిన సమాజంలోనే కొందరు వైద్యులు వేరే ప్రశ్న వేశారు. విజేత దేహం నిజంగా ఆరోగ్యవంతమైన దేహమేనా? దాదాపు ఏడు వందల ఏళ్ళు సాగిన ఈ వాదం, ఒలింపిక్ చరిత్ర చెప్పే గ్రంథాలలో సాధారణంగా ఒక మూలన ఉండిపోతుంది.

ఆ ప్రశ్న వేయడానికి ఎంత ధైర్యం కావాలో తెలియాలంటే క్రీడాకారుడికి దక్కిన గౌరవం చూడాలి. ఒలింపియాలో ఇచ్చేది ఆకుల కిరీటమే అయినా, సొంత ఊరు ధనం, సత్కారం ఇచ్చేది. ఒలింపిక్ విజేతకు ఏథెన్స్ 500 ద్రాక్మాలు ఇవ్వాలని సోలోన్ నిర్ణయించాడని ప్లూటార్క్ చెబుతాడు. జీవితాంతం ప్రభుత్వ ఖర్చుతో భోజనం మరో గౌరవం. వ్యాయామశాలల్లో క్రీడాకారులు ఒంటికి నూనె రాసుకుని, సాధన ముగిశాక చెమట, దుమ్ము కలిసిన ఆ జిడ్డును వంపు తిరిగిన లోహపు పనిముట్టుతో గీకేసేవారు. ఆ జిడ్డును మందుగా అమ్మేవారనీ, దాని మీద వ్యాయామశాలల అధికారులు 80,000 సెస్టర్షియస్‌ల దాకా రాబట్టారనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. విజేత ఒంటి మురికి కూడా ఔషధమని నమ్మిన లోకం అది.

ఆ దేహాన్ని తయారు చేసేది శిక్షకుడు. పోటీదారులు పది నెలలు నియమబద్ధంగా సాధన చేశామని ఒలింపియాలో జ్యూస్ విగ్రహం ముందు ప్రమాణం చేయాలి. తొలినాళ్ళలో వారి ఆహారం తాజా జున్ను, ఎండు అత్తిపండ్లు వంటివి. మాంసాహారాన్ని ప్రవేశపెట్టినవాడు దూరపు పరుగులో గెలిచిన డ్రోమియస్ అని పాసేనియస్ పేర్కొన్నాడు. కుస్తీలో ఆరుసార్లు ఒలింపిక్ విజేత అయిన క్రొటోన్ నగరపు మిలో గురించి ఎన్నో కథలున్నాయి. ఎద్దును భుజాన వేసుకుని క్రీడాంగణం చుట్టూ తిరిగాడనీ, తరవాత దాన్ని ఒక్కడే తినేశాడనీ చెప్పుకున్నారు. కథల్లో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ బలమంటే మోతాదు మించిన తిండి, మోతాదు మించిన శ్రమ అన్న భావన ఎంతగా స్థిరపడిందో అవి చెబుతాయి.

మొదటి హెచ్చరిక హిపోక్రటీస్ పేరు మీద ఉన్న వైద్యసూత్రాలలో కనిపిస్తుంది. క్రీడాకారుడి దేహస్థితి శిఖరానికి చేరడమే ప్రమాదమనీ, అక్కడి నుంచి పైకి దారి లేదు గనక ఇక దిగజారడమే మిగులుతుందనీ దాని సారాంశం. ఆ కాలానికే వ్యాయామాన్నీ వైద్యాన్నీ కలిపి చికిత్స చేసిన హెరోడికస్ అనే శిక్షకుడు ప్రసిద్ధుడయ్యాడు. మరణాన్ని సాగదీయడమే అతను కనిపెట్టిన విద్య అన్న ధోరణిలో ప్లేటో అతన్ని ఎత్తిపొడిచాడు. దేహాన్ని ఎవరు పాలించాలి, శిక్షకుడా వైద్యుడా అన్న తగవుకు అక్కడే బీజం పడింది.

ఆ తగవును పతాకస్థాయికి తీసుకుపోయినవాడు గేలెన్. క్రీ.శ. 129లో పెర్గమాన్‌లో పుట్టి, అలెగ్జాండ్రియాలో చదువుకుని, 157లో స్వస్థలానికి తిరిగివచ్చాడు. అక్కడి ప్రధానార్చకుడు అతన్ని గ్లాడియేటర్ల వైద్యుడిగా నియమించాడు. గ్లాడియేటర్లు ఒలింపిక్ మల్లుల వంటివారు కారు. వారిలో ఎక్కువమంది బానిసలు లేదా యుద్ధఖైదీలు. కిరీటం కోసం కాక, యజమాని కోసం పోరాడేవారు. తెగిన కండరాలను, స్నాయువులను, లోతైన గాయాలను ప్రతి పోటీలోనూ దగ్గరగా చూసే అవకాశం గేలెన్‌కు దక్కింది. ద్రాక్షసారాయిలో తడిపిన గుడ్డలతో గాయాలను రాత్రింబవళ్ళు ఆరనివ్వకుండా ఉంచేవాడు. పూర్వపు వైద్యుల దగ్గర చాలామంది చనిపోగా తన చేతిలో బతికారని సగర్వంగా రాసుకున్నాడు. ఆ ఫలితాలు చూసి తరవాతి ప్రధానార్చకులూ అతన్నే కొనసాగించారు.

ఆ అనుభవం ఉన్న గేలెన్, యువకులను విద్యల వైపు ప్రోత్సహిస్తూ రాసిన గ్రంథంలో క్రీడాకారులపై నిర్దాక్షిణ్యంగా విరుచుకుపడ్డాడు. తినడం, తాగడం, నిద్రపోవడం, దుమ్ములో దొర్లడమే వారి జీవితమని, అది పందుల బతుకు వంటిదని అన్నాడు. మిలో ఎద్దును మోయడం గొప్పయితే, బతికున్నంతకాలం అదే శరీరాన్ని అవలీలగా మోసిన ఎద్దు ఇంకెంత గొప్పదని ఎద్దేవా చేశాడు. సాధన మానేశాక వారి కళ్ళు చెదిరి, పళ్ళు కదిలి, కీళ్ళు పట్టుతప్పి, ముట్టడి యంత్రాల దెబ్బకు బీటలు వారిన కోటగోడల్లా మిగులుతారని వర్ణించాడు. పదే పదే తలకు దెబ్బలు తిన్న ముష్టియోధులను నేటి వైద్యులు పరీక్షించేటప్పుడు ఈ వర్ణన గుర్తుకు రాక తప్పదు.

గేలెన్ మాటలన్నీ నిష్పాక్షికమైనవి కావు. ఆరోగ్యరక్షణ వైద్యశాస్త్రానిదా, వ్యాయామవిద్యదా అన్న విషయం మీద అతను విడిగా ఒక గ్రంథమే రాసి, అది వైద్యానిదేనని తేల్చాడు. శిక్షకులు అతనికి వృత్తిలో పోటీదారులు. అవతలి పక్షం వాదన మూడవ శతాబ్దంలో ఫిలోస్ట్రాటస్ వ్యాయామవిద్యపై రాసిన గ్రంథంలో దొరుకుతుంది. అతని దృష్టిలో శిక్షణ ఒక జ్ఞానం. పూర్వపు క్రీడాకారుల దృఢత్వం పోవడానికి కారణం విలాసాలూ, వాటిని పథ్యం పేరుతో ప్రవేశపెట్టిన వైద్యులూనే.

అయినా అదే ఫిలోస్ట్రాటస్ గెరెనస్ అనే మల్లుడి కథ దాచలేదు. ఆ రోజుల్లో నాలుగు రోజుల సాధన చక్రం ఒకటి అమల్లో ఉండేది. ఏ రోజు ఎంత శ్రమ అన్నది ముందే ఖరారు. ఒలింపియాలో గెలిచిన గెరెనస్ మిత్రులతో విందు చేసుకుని, తాగి, నిద్ర చాలక, మర్నాడు ఒంట్లో బాగాలేదని శిక్షకుడితో చెప్పాడు. శిక్షకుడు కోపంతో చక్రం ప్రకారం చేయాల్సిందేనని ఆదేశించాడు. ఆ సాధన మధ్యలోనే గెరెనస్ చనిపోయాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా పట్టికను చూసిన శిక్షకుడిని ఫిలోస్ట్రాటస్ తప్పుపట్టాడు. ఆ ఒక్క విషయంలో రెండు పక్షాలూ కలిశాయి.

గేలెన్ వ్యాయామానికి వ్యతిరేకి కాడు. చిన్న బంతితో ఆడే ఆటను మెచ్చుకుంటూ ఒక వ్యాసం రాశాడు. దానికి ఖర్చు లేదు, ప్రమాదం తక్కువ, ఒళ్ళంతా కదులుతుంది, పేదవాడికీ అందుతుంది. తానూ వ్యాయామశాలకు వెళ్ళేవాడు. 35వ ఏట అక్కడ కుస్తీలో భుజం కీలు దెబ్బతిని, నలభై రోజులు గట్టి కట్టుతో గడిపాడు. ఈ మితవాదం గ్రీకులకే పరిమితమైనదీ కాదు. మన సుశ్రుత సంహిత కూడా శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయమంటుంది. నోటితో ఊపిరి తీసుకోవలసి రావడమే ఆగవలసిన గుర్తు అంటుంది. అతివ్యాయామం రోగాలకు మూలమని చరక సంహిత హెచ్చరిస్తుంది.

గ్లాడియేటర్ల గురించి ఇప్పుడు వారి ఎముకలే సాక్ష్యం చెబుతున్నాయి. పెర్గమాన్‌కు దక్షిణాన ఉన్న ఎఫెసస్‌లో 1993లో రెండు, మూడు శతాబ్దాల నాటి గ్లాడియేటర్ల శ్మశానం బయటపడింది. అక్కడి అస్థిపంజరాలలో ఎక్కువ ఇరవై, ముప్పై ఏళ్ళ మధ్య వయసు పురుషులవి. 2014లో ప్రచురితమైన రసాయన పరిశోధన వారి ఆహారంలో ధాన్యాలు, మొక్కల పాలు ఎక్కువని తేల్చింది. గ్లాడియేటర్లకు చిక్కుడు జాతి గింజల జావ పెట్టేవారన్న గేలెన్ మాటకు అది సరిపోతుంది. కొన్ని పుర్రెల మీద చక్కగా మానిన గాయాలున్నాయి. అంటే ఆ గాయాలకు మంచి వైద్యమే అందింది. అదే పుర్రెలలో కొన్నింటి మీద మానని గాయాలూ ఉన్నాయి.

ఆ రెండు రకాల గాయాల మధ్యనే వైద్యుడి స్థానం ఉంది. స్వేచ్ఛగా బరిలోకి దిగిన మల్లులను మీ బలం ఎందుకు పనికొస్తుందని నిలదీసిన గేలెన్, బలవంతంగా బరిలోకి దిగినవారి గాయాలు కుట్టాడు. వారిని బతికించడం అతని నైపుణ్యం. బతికినవారిని మళ్ళీ బరిలోకి పంపడం యజమాని హక్కు. క్రీడాకారుడికి చికిత్స చేసే వైద్యుడికి జీతమిచ్చేది జట్టో, నిర్వాహకుడో అయిన ప్రతిచోటా, ఎవరి కోసం ఈ దేహాన్ని బాగుచేస్తున్నామన్న ప్రశ్న నేటికీ అలాగే ఉంది. గెరెనస్ మరణించిన నాడు అతని మాట వినేవాడు ఒక్కడున్నా సరిపోయేది.