ఒకే కప్పకు ఎన్ని పేర్లు?

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో, పెరూ, బొలీవియా దేశాల సరిహద్దుపై, సముద్రమట్టానికి సుమారు 3,810 మీటర్ల ఎత్తున టిటికాకా సరస్సు ఉంది. అంత ఎత్తున గాలి పలచన. నీటిలో కరిగే ప్రాణవాయువూ తక్కువే. ఆ చల్లని నీటిలో పుట్టి, గట్టెక్కకుండా అక్కడే జీవితం గడిపే కప్ప ఒకటుంది. దాని ఊపిరితిత్తులు బాగా చిన్నవి. వదులు చొక్కాలా ఒంటినిండా వేలాడే చర్మపు మడతలతోనే అది ముఖ్యంగా శ్వాసిస్తుంది.

1876లో అమెరికన్ శాస్త్రవేత్త శామ్యూల్ గార్మన్ దీన్ని వర్ణించి ‘కులియస్’ అని పేరుపెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు తోలుసంచి అని అర్థం. 1937లో పెర్సీ స్లాడెన్ ట్రస్టు బ్రిటిష్ బృందం సరస్సును పరిశోధించింది. ఆ బృందం సేకరించిన కప్పలను పరిశీలించి 1940లో పార్కర్ కొత్త పేర్లు చేర్చాడు. ‘తెల్లపొట్టది’ అని అర్థమిచ్చే ‘ఆల్బివెంట్రిస్’ వాటిలో ఒకటి. 1950ల తొలి సంవత్సరాలలో జెహాన్ వెల్లార్డ్ ఆ జాబితాను ఇంకా పెంచాడు.

వారు చూసింది అబద్ధం కాదు. పరిమాణం, రంగు, మచ్చలు, మడతల వదులు చోటుచోటుకూ మారతాయి. 1968లో కూస్తో బృందం కాళ్లు చాచితే అరమీటరు పొడవుండే కప్పలను చూసినట్లు తెలిపింది. గట్టెక్కని ప్రాణి కనుక ఒక చెరువు కప్పకు మరో చెరువు కప్పతో సంపర్కం అరుదు. ఎక్కడి నీటి లోతు, చలి అక్కడి కప్ప రూపాన్ని దిద్దుతాయి.

2000 తర్వాత జరిగిన జన్యు పరిశోధనలలో ఈ రూపాల మధ్య భేదం స్వల్పమని తేలింది. పాత పేర్లలో చాలావాటిని నేడు ‘కులియస్’లోనే కలిపేశారు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, పది ఖాతాలను ఒక్కటి చేశారు. శాస్త్రరీత్యా అది సబబే. అయితే అలా కలిపినప్పుడు మొత్తం నిల్వ పెద్దదిగా కనిపిస్తుంది. ఏ శాఖలో సొమ్ము ఖాళీ అవుతోందో కనిపించదు.

2016లో సరస్సులో కలిసే కోవాటా నది వెంబడి సుమారు 10,000 కప్పలు చచ్చి తేలాయి. మురుగునీరే కారణమని స్థానికులు ఆరోపించారు. ‘ఇదే జాతి మరోచోట ఉంది కదా’ అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ నీటిలో తరతరాలుగా ఏర్పడిన రూపం అక్కడ నశిస్తే, పక్క చెరువు దాన్ని తిరిగి ఇవ్వలేదు. పేర్లు ఎన్ని ఉండాలో శాస్త్రజ్ఞులు తేల్చుకుంటారు; లెక్క మాత్రం ఏ నీటికి ఆ నీటిదే విడిగా చూడాలి.