సెలీనియం కడ్డీ నుంచి సెన్సర్ చిప్ దాకా

హాబీ ఎలక్ట్రానిక్స్‌లో వాడే లైట్ సెన్సర్ల చరిత్ర సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుళ్ల దగ్గర మొదలవుతుంది. కేబుల్‌ను నీటిలోకి దించుతూనే పరీక్షించడానికి బ్రిటిష్ ఇంజనీరు విల్లోబీ స్మిత్‌కు చాలా ఎక్కువ నిరోధం గల పదార్థం కావలసి వచ్చింది. సెలీనియం కడ్డీలకు రెండు కొసలా ప్లాటినం తీగలు తగిలించి, గాజు గొట్టాల్లో మూసి వాడి చూశారు. కొలతలు నిలకడగా ఉండేవి కావు. ఆరా తీస్తే తప్పు వెలుతురుదని తేలింది. కడ్డీలున్న పెట్టెకు మూత వేసి ఉంచితే నిరోధం గరిష్ఠంగా ఉండేది, మూత జరపగానే పడిపోయేది. కేబుల్ పనివారికి తలనొప్పిగా మారిన ఈ గుణం 1873 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికకు ఎక్కింది. 1880లో గ్రాహం బెల్, టెయింటర్ తమ ఫోటోఫోన్‌లో వెలుతురు మీద పంపిన మాటను సెలీనియం సెల్‌తోనే అందుకున్నారు.

1930లలో సెలీనియం ఫొటోగ్రాఫర్ల లైట్ మీటర్లలోకి చేరింది. 1960లలో కెమెరాల్లో దాని చోటును కాడ్మియం సల్ఫైడ్ ఆక్రమించింది. హాబీ బల్లల మీదికి ఎల్‌డీఆర్ పేరుతో వచ్చింది కూడా ఇదే. గుండ్రటి పింగాణీ బిళ్ల మీద పాములా మెలికలు తిరిగే గీతే దాని ఆనవాలు. వెలుతురు పడితే లోపలి ఎలక్ట్రాన్లు విడివడి నిరోధం తగ్గుతుంది. మనిషి కంటికి బాగా ఆనే ఆకుపచ్చ వెలుతురుకే ఇదీ ఎక్కువగా స్పందించడం దాని అదృష్టం.

దుకాణాల్లో దొరికే మామూలు 5 మి.మీ. ఎల్‌డీఆర్ కటిక చీకట్లో మెగా ఓమ్ దాకా వెళ్తుంది, 10 లక్స్ మసక వెలుతురులో పది, ఇరవై కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. దీనికి జోడీగా 10 కిలో ఓమ్ రెసిస్టర్‌నే పెట్టడంలో కిటుకు అదే. 5 వోల్టుల మధ్య రెండింటినీ వరసగా కలిపితే, సంధ్యవేళకు వాటి కూడలి దగ్గర వోల్టేజీ ఇంచుమించు నడిమికి వస్తుంది, చిన్న మార్పు కూడా స్పష్టంగా తెలుస్తుంది. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యునో ఆ వోల్టేజీని 0 నుంచి 1023 వరకు అంకెగా చదువుతుంది. అంకె 400 కన్నా తగ్గితే దీపం వెలిగించు అని రాస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ దీపపు కాంతి తిరిగి ఎల్‌డీఆర్ మీదే పడితే అది ఆరిపోతుంది, ఆరగానే మళ్లీ వెలుగుతుంది, రిలే టకటకలాడుతుంది. 300 కింద వెలిగి 500 దాటితేనే ఆరేలా రెండు హద్దులు పెట్టాలి. దీపం వెలుగుకే అంకె 500 దాటేట్టుంటే సెన్సర్‌ను పక్కకు తిప్పక తప్పదు.

ఎల్‌డీఆర్ చెప్పేది ఎక్కువ, తక్కువ మాత్రమే. ఒకే సంచిలోని రెండు బిళ్లలు కూడా ఒకే అంకె ఇవ్వవు. పైగా కాడ్మియం విషం. యూరప్‌లో 2006 జులై 1 నుంచి కొత్త ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాన్ని 0.01 శాతానికి పరిమితం చేశారు. సిలికాన్ ఫోటోడయోడ్, ఫోటోట్రాన్సిస్టర్లకు ఈ చిక్కు లేదు, వేగమూ ఎక్కువే. అయితే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వాటికి మహా ఇష్టం. పాతకాలపు ఫిలమెంట్ బల్బును అవి ఉన్నదానికన్నా ఎంతో ప్రకాశవంతంగా లెక్కగడతాయి. అందుకే టీఎస్‌ఎల్2561 చిప్‌లో రెండు డయోడ్లు పెట్టారు. ఒకటి మొత్తం వెలుతురునూ, రెండోది ఇన్‌ఫ్రారెడ్‌నూ చూస్తాయి. ఆ రెండు కొలతల నుంచి కంటికి తోచే వెలుగును లెక్కిస్తారు.

హాబీవారు ఎక్కువగా వాడే బీహెచ్1750 లక్స్ లెక్కను దాదాపు తయారుగానే ఇస్తుంది. వచ్చిన అంకెను 1.2తో భాగిస్తే చాలు. ఒక్కో కొలతకు అది సుమారు 120 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వందసార్లు మినుకుమనే దీపాల అలజడి సగటులో కలిసిపోతుంది. దాని అడ్రస్ పిన్నును మారిస్తే అవే రెండు ఐ2సీ తీగల మీద రెండో సెన్సర్‌నూ తగిలించవచ్చు. ఒకదాన్ని కిటికీ బయటా, ఇంకొకదాన్ని గదిలోనూ పెట్టి తేడా చూసి దీపాన్ని నడిపే ప్రాజెక్టులకు అదనపు తీగలు లాగనక్కర్లేదు.