బహ్రెయిన్‌లో పాత పికప్‌ల సస్పెన్షన్

పాత పికప్ ట్రక్కులో కుదుపులు తగ్గించడానికి కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు మార్చడం బహ్రెయిన్‌లోని సల్మాబాద్ వంటి గ్యారేజీల పేటల్లో మామూలు పని. టయోటా హైలక్స్, మిత్సుబిషి ఎల్200, ఇసుజు డి-మ్యాక్స్, నిస్సాన్ పికప్‌లే ఇక్కడి నిర్మాణ సంస్థలకూ, ఏసీ, ప్లంబింగ్ పనివాళ్లకూ ఆధారం. వాటిని నడిపి బతుకుతున్నవారిలో తెలుగువారూ ఉన్నారు. బండి మెత్తగా నడవాలంటే మెత్తటి స్ప్రింగు వెయ్యాలన్నది చాలామంది నమ్మకం. బహ్రెయిన్ వంటి చోట ఈ ఆలోచన మారాలి. ఇక్కడ పాత బండిలో సాధారణంగా ముందు చెడేది ఉక్కు కాదు, బుష్‌ల రబ్బరూ, షాక్ అబ్జార్బర్ల నూనే. ఖర్చు మొదట వాటి మీదే పెట్టాలి.

పికప్ కొత్తలోనూ కొంత గట్టిగానే ఉంటుంది. వెనక కమాన్ కట్టలను సుమారు ఒక టన్ను బరువు మొయ్యడానికి తయారుచేస్తారు. అదే కట్ట మీద బరువు లేనప్పుడు బండి ఊపు వేగం పెరుగుతుంది. అది ఎందుకు ముఖ్యమంటే, కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కంపనాలకు ఎక్కువగా బాధపడుతుంది. శరీర కంపనాలను కొలిచే ఐఎస్ఓ 2631 ప్రమాణం కూడా ఆ శ్రేణికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. అయితే ఖాళీ బండి స్వభావం వేరు, పాతబడ్డ బండి జబ్బు వేరు. మొదటిది తయారీలోనే ఉంది, రెండోది మరమ్మతుతో పోతుంది. ఈ రెంటినీ కలిపి చూడడం వల్లే అక్కర్లేని స్ప్రింగులు కొంటున్నారు.

ఆ జబ్బుకు బహ్రెయిన్ వాతావరణం బలమైన కారణం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, చుట్టూ సముద్రం, గాలిలో తేమ, ఉప్పు కలిసిన ధూళి. వేడికీ ఆక్సిజన్‌కీ ఓజోన్‌కీ రబ్బరు బుష్ గట్టిపడి, బీటలు వారుతుంది. చిన్న అదురును మింగడం మానేసి నేరుగా ఛాసిస్‌కు పంపుతుంది. షాక్ అబ్జార్బర్ చేసే పని స్ప్రింగు ఊపును వేడిగా మార్చడం. బయటి వేడి ముందే ఎక్కువగా ఉంటే లోపలి నూనె మరింత పల్చబడుతుంది, పాత సీలు దగ్గర కారుతుంది, ఊపు ఆగదు. ఉప్పుతేమకు కట్ట ఆకుల మధ్య తుప్పు పట్టి అవి ఒకదానిమీద ఒకటి జారడం కష్టమైతే, చిన్న గతుకుకు కట్ట అసలు కదలదు. విరగని, వంగని కట్టే అయినా బండి బిగుసుకుపోయినట్టు నడుస్తుంది. ఉక్కు బాగుందంటే కట్ట బాగున్నట్టు కాదు, అందుకే దాన్ని విప్పి, ఆకులు శుభ్రం చేసి, మధ్యలోని అరిగిన ప్యాడ్‌లు మార్చాలి.

పని టైర్లతో మొదలవ్వాలి. పూర్తి బరువుకు నింపిన గాలితోనే ఖాళీగా తిప్పితే ఏ షాక్ అబ్జార్బరూ కాపాడలేదు. బండి తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఎంత గాలి ఉండాలో చూసుకోవాలి. తర్వాత బుష్‌లు. పాలీయురెథేన్ రకం ఎక్కువకాలం మన్నుతుందని గ్యారేజీలో చెబుతారు, అది తరచూ నిజమే. కానీ అది రబ్బరు కన్నా అదురును ఎక్కువగా పంపుతుంది కాబట్టి సుఖమే ధ్యేయమైతే రబ్బరు మేలు. కంట్రోల్ ఆర్మ్‌ల బోల్టులూ, కట్టల షాకిల్ బోల్టులూ చక్రాలు నేలమీద ఆని బండి తన బరువుతో నిలిచాకే చివరిగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. కొత్త బుష్‌లు కొద్దికాలానికే పోవడానికి ఇదొక పెద్ద కారణం, నింద మాత్రం విడిభాగం మీద పడుతుంది. షాక్ అబ్జార్బర్లను ఒక ఇరుసుకు రెండూ ఒకేసారి మార్చాలి. తక్కువ పీడనంలో నైట్రోజన్ నింపిన రెండు గొట్టాల రకంలో నూనె నురగ కట్టడం తగ్గుతుంది. ఒకే గొట్టం రకం వేడిని బాగా వదులుతుంది కానీ, కొన్ని బండ్లలో కాస్త బిరుసుగా అనిపిస్తుంది. 2004లో వచ్చిన ఏడో తరానికి ముందు హైలక్స్‌లలో చాలావాటికి ముందువైపు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉండేవి. ఎత్తు కోసం వాటిని తిప్పి బిగిస్తే చక్రం కిందికి దిగే చోటు తగ్గి నడక ఇంకా కరుకవుతుంది.

బహ్రెయిన్ రోడ్లు నున్నగా ఉంటాయి కదా, ఇంత శ్రమ ఎందుకు అనేవారున్నారు. ప్రధాన రహదారుల మాట నిజమే. కానీ పికప్ రోజంతా తిరిగేది వీధుల స్పీడ్ బ్రేకర్ల మీదా, నిర్మాణ స్థలాల్లోని మట్టిదారుల్లోనూ. కట్టలో ఒక ఆకు తీసేస్తే పని చవకగా అయిపోతుందనేది మరో వాదన. ఖాళీగా తిరిగినప్పుడు మెత్తగా ఉండే మాట వాస్తవమే, బరువెక్కాక ఇరుసు బంప్ స్టాపులకు తగులుతుంది. పైగా చాలా పికప్‌లలో వెనక బ్రేకు ఒత్తిడిని బరువును బట్టి సర్దే వాల్వు ఇరుసుకు జతచేసి ఉంటుంది. వెనక ఎత్తు మారితే ముందు, వెనక బ్రేకుల పంపకమూ మారుతుంది. ఎప్పుడూ బరువు మొయ్యని బండి అయితే తక్కువ బరువుకు లెక్కగట్టిన పూర్తి కట్ట వెయ్యడం సబబే, ఉన్నదాంట్లో ఆకులు తీసి తగ్గించడం కాదు.

ఖర్చు ఎక్కువన్న అభ్యంతరం మాత్రం తేలిగ్గా కొట్టెయ్యదగింది కాదు. డబ్బు పెట్టేది యజమాని, నడుం నొప్పి భరించేది డ్రైవరు. ఐరోపా సంఘం 2002లో తెచ్చిన 44వ ఆదేశం, 8 గంటల పనిదినానికి శరీర కంపనం 0.5 మీటర్లు ప్రతి సెకను వర్గం దాటితే తగ్గించే చర్యలు యజమానే చేపట్టాలంటుంది. కొత్త బుష్‌లు, మంచి షాక్ అబ్జార్బర్లు అలాంటి చర్యలే. పికప్‌లు నడిపించే సంస్థలు ఆయిల్ మార్పిడిలాగే వీటినీ ఏటి నిర్వహణ ఖర్చులో చేర్చాలి, కుదుపు గురించి డ్రైవరు చెప్పిన రోజే బండిని ర్యాంపు ఎక్కించి చూడాలి.