సబ్‌వూఫర్ ఎంపిక

సబ్‌వూఫర్ అంటే సుమారు 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు ఉండే మంద్ర ధ్వనుల కోసం ప్రత్యేకించిన స్పీకరు. చుట్టూ స్పీకర్లుండే 5.1 సరౌండ్ పద్ధతిలో ‘.1’ దీని వాటా. 1974 నాటి హాలీవుడ్ చిత్రం ‘ఎర్త్‌క్వేక్’ సెన్సరౌండ్ అనే మంద్ర ధ్వని పద్ధతితో భూకంపపు అదురును ప్రేక్షకుల ఒంటికి తెలిసేలా చేసింది. కరీంనగర్, కొండగట్టు ప్రాంతాల వారికి ఈ అనుభవం కొత్తేమీ కాదు. ఒగ్గు కళాకారులు వాయించే ఒగ్గుడోలు దరువు చెవితోపాటు గుండెకూ తగులుతుంది.

రకాలు: పూర్తిగా మూసిన సీల్డ్ పెట్టె చిన్నది, దెబ్బ బిగువుగా ఉంటుంది, పాటలకు నప్పుతుంది. గొట్టం అమర్చిన పోర్టెడ్ పెట్టె పెద్దది. సినిమా గర్జనకు బలమిస్తుంది. చిన్న గదికి 8 లేదా 10 అంగుళాలది, పెద్ద హాలుకు 12 అంగుళాలది ఎంచుకోవడం వాడుక. వాట్ల అంకె ఒక్కటే చూసి కొనకూడదు. ఎంత కిందిస్థాయి వరకు పలుకుతుందో చూడాలి.

అమరిక: 14 అడుగుల పొడవున్న గదిలో 40 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల మధ్య నిలిచిపోయి కొన్నిచోట్ల హోరుగా, మరికొన్నిచోట్ల పేలవంగా వినిపిస్తుంది. అందుకే సబ్‌వూఫర్‌ను ముందు మనం కూర్చునే చోట పెట్టి, పాట మోగిస్తూ గది చుట్టూ నేలకు దగ్గరగా వంగి వినాలి. దరువు స్పష్టంగా వినిపించిన చోటే దాని స్థానం. మంద్ర ధ్వనులను విడదీసి సబ్‌వూఫర్‌కు పంపే క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టడం మేలు.

నిబంధన: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు.